ఆటకి ఒక్క అరుపు

"మా సారు మస్తు నెమ్మదోడు సార్. పదేండ్ల సంది చూస్తున్న, ఒక్కనాడు గొంతు పెంచి మాట్లాడిండని లేదు" అన్నాడు మండలాఫీసు అటెండరు. మేం అన్న అని పిలిచే ఆ సారు పోయిన పదకొండో రోజున, ఆయన ఊళ్లో, టెంటు కింద భోజనాల దగ్గర జరిగిన మాట ఇది. పక్కన కూర్చున్న గుమాస్తా కూడా తలూపాడు. "ఫోన్ చేస్తే చెవికి నొక్కి పెట్టుకొని వినాలె. గుసగుసలే ఆయన మాటలన్ని."

నాకు ముందు నవ్వొచ్చింది. తలొంచుకుని విస్తట్లో పప్పన్నం కలుపుతూ దాచుకున్నాను. తర్వాత విస్తరి మడిచేశాను. ఏం చెప్పను వాళ్లకి? మీ నెమ్మదైన సారు అరిస్తే చిక్కడపల్లిలో కిటికీ అద్దాలు అదిరేవని చెప్పనా? ఆ గొంతు పోయిన సాయంత్రం వెనకాల డ్రమ్స్ వాయించింది నేనేనని చెప్పనా? మంచినీళ్లు తాగి లేచొచ్చేశాను. అక్కడ నోరు రాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పేరు రాయను. మేమెవ్వరం ఆయన్ని పేరుతో పిలవలేదు, అన్న అనే అన్నాం. అదే చాలు.

2009లో నాకు ఇరవై ఏళ్లు. మా ఇల్లు నారాయణగూడలో. మా నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికొచ్చి స్థిరపడ్డ మనిషి. ఇంట్లో నేను డ్రమ్స్ పేరెత్తితే మా అమ్మ చీపురు ఎత్తేది. అందుకని చిక్కడపల్లిలో ఒక పిండి గిర్ని మీద గది కిరాయికి తీసుకుని డ్రమ్స్ అక్కడ పెట్టుకున్నాను. గిర్ని మీదే ఎందుకంటే, కింద రాళ్లు తిరుగుతున్నంతసేపూ పైన ఏం చేసినా ఎవరికీ పట్టదు. గిర్ని ఆగితే మేమూ ఆపాలి, అదీ ఒప్పందం. కరెంటు పోయినప్పుడల్లా గోధుమల డబ్బాలతో నిలబడ్డ ఆడవాళ్లు "పోనీలే, పై గోలైనా ఆగింది" అనుకునేవారు.

ఒకరోజు మెట్లెక్కి ఒకాయన వచ్చాడు. నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. సన్నటి మనిషి, నూనె రాసి పక్కపాపిడి తీసిన తల, చంకలో గ్రూప్స్ పుస్తకం. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు కొలువుకి చదువుకునే వేలమందిలో ఒకడని చూడగానే తెలిసిపోతుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చాడు.

"తమ్మీ, నువ్వు కొడుతుంటే కింద నిలబడి విన్న. నేను అరుస్త. పెట్టుకుంటవా?"

"అరవడమేంటన్నా?"

పుస్తకం కిటికీలో పెట్టాడు, కళ్లు మూసుకున్నాడు, అరిచాడు.

నా చేతిలో కర్ర జారిపోయింది. గిర్ని నడుస్తూనే ఉంది, అయినా కిందనుంచి ఒకావిడ "అయ్యయ్యో, ఎవరికేమైంది?" అని కేకేసింది. అన్న కిటికీలోంచి తల బయటపెట్టి రెండు చేతులూ జోడించాడు. "ఏం కాలేదమ్మా, ఏమనుకోకుండ్రి."

అదీ మనిషి. ఎదుటివాళ్ల ఒళ్లు జలదరించేలా అరవడం, వెంటనే దండం పెట్టి ఏమనుకోవద్దనడం. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా ఆ జోడించిన చేతులే కనిపిస్తాయి.

బ్లాక్ మెటల్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. గిటార్లు రంపం కోత కోసినట్టు ఆగకుండా మోగుతాయి, డ్రమ్స్ ఊపిరాడనివ్వవు, గాయకుడు ముఖానికి తెల్లరంగు, కళ్ల చుట్టూ నలుపు పూసుకుని శవంలా తయారై పాటను అరుస్తాడు. పాటల్లో చావు, చీకటి, సైతాను. ఎక్కడో మంచుదేశాల్లో పుట్టిన సంగీతం. నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు ఎవరో కాపీ చేసిచ్చిన సీడీలో విన్నాడట అన్న. "మనకెందుకన్నా ఈ సైతాను గొడవ?" అని ఒకసారి అడిగాను. "సైతాన్‌తోని నాకేం పని తమ్మీ. నోటిఫికేషన్ కోసం మూడేండ్ల సంది కూసున్న. అరిచేటందుకు కారణం తక్కువా?" అన్నాడు.

అంబర్‌పేట్ నుంచి ఒక గిటారిస్టు, బేస్ గిటార్ వాయించే వాడి బావమరిది, నేను, అన్న. నలుగురం. సుల్తాన్ బజార్లో నల్లగుడ్డ కొని కుట్టించుకున్నాం, కాటుక డబ్బాలు కొన్నాం. తెల్లరంగు ఎక్కడ దొరుకుతుందో తెలియలేదు. కింద గిర్నిలో బియ్యప్పిండికి కరువా? నీళ్లలో కలిపి పూసుకున్నాం. మొదటి ప్రదర్శన ఒక కాలేజీ ఉత్సవంలో. రెండో పాటకల్లా చెమటకి పిండి ముద్దైంది, మూడో పాటకి అట్టలు కట్టి పెచ్చులూడింది. ముందు వరసలోంచి ఎవడో "అన్నా, దోసెలు పోస్తున్నవా?" అని అరిచాడు. కాలేజీ మొత్తం ఒకటే నవ్వు. అన్న మాత్రం పాట పూర్తిగా అరిచి, చివర్లో ఆ కుర్రాడికి ప్రత్యేకంగా దండం పెట్టాడు. స్టేజీ ఎప్పుడెక్కినా చెప్పులు విప్పి, చేత్తో చెక్కను తాకి కళ్లకద్దుకునేవాడు. శవం వేషంలో ఉన్నా ఆ అలవాటు మానలేదు.

చదువు కూడా ఆ గొంతుతోనే. రాజ్యాంగం ఆర్టికల్స్ మామూలుగా బుర్రకెక్కడం లేదని వాటిని బొంగురుగా అరుస్తూ బట్టీపట్టేవాడు. "ఆర్టికల్ పద్నాలుగూ... సమానత్వపు హక్కూ..." హాస్టల్లో పక్కగది వాళ్లు వార్డెన్‌కి మొర పెట్టుకున్నారు. "మీ హక్కులు మాకొద్దన్నా, మమ్మల్ని పండనియ్యి" అన్నాడట ఒకడు. బంద్ రోజుల్లో మాత్రం మాకు ఇబ్బంది. ఊరంతా మూసేస్తే గిర్నీ మూసేస్తారు, మేం అరవడానికి వీల్లేదు. ఆ రోజుల్లో బంద్‌లకి లోటు లేదు. అలాంటప్పుడు గదిలో నాలుగు గోడలకీ ఆనుకుని నలుగురం కూర్చుని, పెదాలు మాత్రం కదిలిస్తూ పాటలన్నీ వల్లెవేసుకునేవాళ్లం.

శుక్రవారాలు గిర్నిలో మిరపకాయలు పట్టేవారు. ఆ ఘాటు మెట్లెక్కి మా గదిలోకొచ్చేది. నేనూ గిటార్ వాడూ తుమ్ముకుంటూ బయటికి పరిగెత్తేవాళ్లం. అన్న వెళ్లేవాడు కాదు. ముక్కుకి రుమాలు కట్టుకుని అరుస్తూనే ఉండేవాడు. ఆ మూర్ఖత్వానికి నేనే చప్పట్లు కొట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది.

2011లో గొంతు బొంగురుపోయి నెలైనా తగ్గలేదు. నల్లకుంటలో ఒక పెద్దావిడ, గొంతు డాక్టరు, ఆవిడ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. లోపలికి గొట్టం పెట్టి చూసి, "చేతులకి కాయలు కాసినట్టు స్వరపేటికలో కాయలు కాశాయి. మూడు నెలలు నోరు విప్పకూడదు. అరవడం జన్మలో వద్దు. అరిస్తే చిట్లుతుంది, చిట్లితే గొంతు పోతుంది, నేనేం చెయ్యలేను" అంది.

అన్న రెండు చేతులూ జోడించాడు. "జన్మల అంటే కష్టం మేడం. ఒక్కటి?"

"ఒక్కటంటే?"

"ఆటకు ఒక్కటి."

"కూరగాయల బేరమనుకున్నావా?" అని కసిరింది ఆవిడ. ఆయన చేతులు జోడించుకునే ఉన్నాడు. ఆ ముఖం చూసి ఏమనిపించిందో, చీటీ రాస్తూ, తలెత్తకుండా, "ఆ ఒక్కటీ నేను విననట్టే. రెండోది అరిచావో, మళ్లీ నా గుమ్మం తొక్కకు" అంది.

బయటికొచ్చాక నా భుజం మీద చెయ్యేసి, చీటీ వెనకాల రాసి చూపించాడు. "మన బ్యాండోళ్లకి చెప్పకు. చెప్తే జాలి పడతరు. జాలితో వాయిస్తే వినబుద్ధి కాదు."

మూడు నెలలు మాట్లాడలేదు. చీటీలతోనే బతికాడు. ఆ మూడు నెలల్లో ఏం ఆలోచించాడో, నోరు విప్పిన రోజున గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి కొత్త సంగతి చెప్పాడు. ఇక పాటలుండవు. నలభై నిమిషాల ఒకే ఆట ఉంటుంది, తెలుగులో. ఒక కోట, దాని తలుపు కాపలావాడు. శత్రువులొచ్చి నీ ఇంటి జోలికి రాము, తలుపు తీయమంటారు. తీస్తాడు. ఊరంతా పోతుంది, అతని ఇల్లొక్కటే మిగులుతుంది. చివరికి కాపలా కాయడానికి ఎవరూ లేని కోటకొచ్చి, ఆ తలుపు తనే మూసి, అక్కడే పడి చచ్చిపోతాడు. ఆట మొత్తం నెమ్మదిగా, మాటలతో, చప్పుళ్లతో నడుస్తుంది. చచ్చేముందు ఒకే ఒక్క అరుపు.

"ఇది మెటలా, నాటకమా?" అన్నాడు గిటారిస్టు.

"నాటకమే."

"నాటకాలెయ్యనీకి నేనెందుకన్నా? అరువనీకి చాతకాకపోతే చెప్పు."

నేను నోరు తెరవబోయాను. అన్న నా వైపు చూసిన చూపుకి మూసుకున్నాను. వాడు ఆంప్లిఫయర్ స్కూటర్ మీద కట్టుకుని వెళ్లిపోయాడు, బావమరిదీ వాడి వెంటే. ఊళ్లో మా పాటలు వినే పాతిక ముప్పై మందీ 'నాటకాల కంపెనీ' అని వెక్కిరించారు. గదిలో ఇద్దరం మిగిలాం. గిర్ని ఆగిపోయింది కాబట్టి కొట్టడానికి కూడా లేదు. ఊరికే కూర్చున్నాం.

అప్పుడొచ్చాడు మేస్టారు. గిర్ని ఓనరుగారి తండ్రి. డెబ్బై దాటిన మనిషి, కళ్లజోడు మీద ఎప్పుడూ పిండి పేరుకుని ఉండేది. కుర్రతనంలో కృష్ణా జిల్లాలో పౌరాణిక నాటకాలు ఆడినవాడు. రెండేళ్లుగా కింద కుర్చీలో కూర్చుని మా గోల వింటున్నాడట. మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి, అన్నని ఎగాదిగా చూసి, "నువ్వు పీకతో అరుస్తున్నావు నాయనా. పొట్టతో అరవాలి. అయినా నాటకమన్న మాట వినపడింది నాకు. ఎవరు నేర్పుతారు మీకు?" అన్నాడు.

ఆ తర్వాత రెండేళ్లు నా జీవితంలో మళ్లీ రానివి. మేస్టారు తన కాలిపెట్టె, అంటే కాలితో తొక్కుతూ వాయించే హార్మోనియం, పైకి మోయించాడు. అన్న దానికొక మైకు పెట్టి, గిటార్ చప్పుడుని రంపంలా గరుకుగా మార్చే పెడల్లోంచి పంపించాడు. మేస్టారు ఒక మెట్టు నొక్కగానే గది దద్దరిల్లింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని "ఓరి నాయనో, నా పెట్టెకి దెయ్యం పట్టిందిరా!" అన్నాడు. క్షణం ఆగి, కళ్లు మెరుస్తుండగా, మళ్లీ నొక్కాడు. ఇక వదిలితే ఒట్టు. గిర్ని బెల్టు చప్పుడు రికార్డు చేసి శత్రుసైన్యం నడకగా వాడుకున్నాం. పిండి బదులు జింకు పొడి కొబ్బరినూనెలో కలిపి ముఖానికి పూయడం మేస్టారే నేర్పాడు. బయట రాష్ట్రం రెండవుతుందా కాదా అని రోజూ ఊరేగింపులు. లోపల కృష్ణా జిల్లా మేస్టారు నల్లగొండ అన్నకి చావడం నేర్పుతున్నాడు. "అంత గబుక్కున పడకు. చచ్చేవాడికి తొందరేముంటుంది? ముందు చెయ్యి పట్టు వదలాలి, తర్వాత మోకాలు, చివర్న తల." అన్న వినయంగా రోజుకి ఇరవైసార్లు చచ్చేవాడు. ఒక్కోసారి పడుకున్న చోటే ఉండి, "మేస్టారూ, ఇప్పుడు బాగ సచ్చిన్నా?" అని అడిగేవాడు.

రిహార్సల్లో అరుపు ఉండేది కాదు. ఆ చోటు రాగానే కుడిచెయ్యి పైకెత్తేవాడు, మేం ఆ జాగా ఖాళీగా వదిలి ముందుకెళ్లేవాళ్లం. అరుపు దాచుకోవడం గొప్ప నటుడి లక్షణమని మేస్టారు మురిసిపోయేవాడు. డాక్టరమ్మ సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్పొద్దన్నాడు అన్న. చిన్న చిన్న చోట్ల ఆరుసార్లు ఆడాం. ఆరు అరుపులు. ఒక్కొక్క దాని తర్వాతా వారం రోజులు నోరు మూసుకుని, ఫ్లాస్కులో వేడినీళ్లు గుక్క గుక్కగా తాగుతూ ఉండేవాడు. మళ్లీ గొంతొచ్చాక నాకు ఫోన్ చేసి "ఉంది తమ్మీ, ఇంకా ఉంది" అనేవాడు. ఆ మాట వినేదాకా నాకు తిండి సయించేది కాదు.

2013లో చిక్కడపల్లిలోనే ఒక సభ హాలు దొరికింది. సాయంత్రం ఆరున్నరకి ఆట. ఎడమవైపు నల్లటీషర్టు కుర్రాళ్లు, వెక్కిరించడానికొచ్చిన గిటారిస్టుతో సహా. కుడివైపు మేస్టారి పాత స్నేహితులు, ఉత్తరీయాలు వేసుకున్న ఇరవైమంది పద్యనాటకాల పెద్దలు. ఇలాంటి సభ ఈ ఊరు అంతకుముందు చూసి ఉండదు.

ముప్పై ఎనిమిది నిమిషాలు చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దంగా విన్నారు. స్టేజీ మీద లేని తలుపుని అన్న రెండు చేతులతో మూశాడు. హార్మోనియం ఆగింది. నేను నాలుగు దెబ్బలు కొట్టాను. అరిచాడు.

ఆ అరుపుని వర్ణించలేను. ఊరు పోగొట్టుకున్న మనిషి గొంతది, అంతే. మేస్టారు నేర్పినట్టు పొట్టలోంచి వచ్చి, హాలంతా నిండి, ఎక్కడా చెదరకుండా ముగిసింది. చెయ్యి, మోకాలు, తల. నిదానంగా పడిపోయాడు. గిటారిస్టు లేచి నిలబడి ఏడుస్తున్నాడు.

అప్పుడు కుడివైపు నుంచి ఒక పెద్దాయన అరిచాడు. "వన్స్ మోర్!"

నాకప్పటికి ఆ ఆచారం తెలీదు. పద్యనాటకంలో పద్యం గుండెకి తగిలితే వన్స్ మోర్ అంటారు. అంటే నటుడు మళ్లీ పాడి తీరాలి. చస్తూ పాడిన పద్యమైనా సరే, శవం లేచి, బట్టలు దులుపుకుని, మళ్లీ పాడి, మళ్లీ చావాలి. ఎవరికీ వింతగా ఉండదు. నటుడికి అంతకుమించిన బహుమానం లేదు. ఇరవైమందీ అందుకున్నారు. కుర్రాళ్లకి కారణం తెలియకపోయినా వాళ్లూ కలిశారు. హార్మోనియం దగ్గర మేస్టారు కళ్లనీళ్లు కారుతుండగా చేతులు చాచాడు. "లే నాయనా, లే! అడుగుతున్నారు! నాకు ముప్పై ఏళ్లలో రెండుసార్లే అడిగారు, లే!"

అన్న కళ్లు తెరిచాడు. లేచి నిలబడ్డాడు. జనానికి దండం పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి చూశాడు.

ఆ హాల్లో సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే. కర్రలు కింద పెట్టేసి ఉండొచ్చు నేను. లేచి వెళ్లిపోయి ఉండొచ్చు. డాక్టరమ్మ మాట చెవిలో మోగుతూనే ఉంది. దేవుడి మీద ఒట్టు, గుర్తుంది నాకు. కానీ నిజం చెప్పాలి. నాక్కూడా ఇంకోసారి వినాలనిపించింది.

నాలుగు దెబ్బలు కొట్టాను.

రెండోది మొదటిదానికన్నా పైనుంచి ఎత్తుకున్నాడు. సగంలో ఏదో చిట్లింది. నోరు తెరిచే ఉంది, మెడనరాలు బిగిసే ఉన్నాయి, గాలి తప్ప చప్పుడు లేదు. జనం అదీ ఆటలో భాగమే అనుకున్నారు. చప్పట్లకి హాలు కూలిపోతుందేమో అనిపించింది. ఆయన ఏ తొందరా లేకుండా మళ్లీ పడ్డాడు. ముందు చెయ్యి, తర్వాత మోకాలు, చివర్న తల.

మర్నాడు డాక్టరమ్మ గుమ్మంలోకి రానిచ్చింది. తిట్టలేదు. తిట్టనందుకే నాకు భయమేసింది. గొంతు రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఇంటర్వ్యూలుండే పరీక్షలన్నీ మానేసి, రాతపరీక్ష ఒక్కటే ఉండే చిన్న మండలాఫీసు ఉద్యోగానికి 2014లో రాశాడు. వచ్చింది. హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయాడు. మేస్టారికి చివరిదాకా మేం చెప్పలేదు. తన శిష్యుడికి మొదటి పెద్ద సభలోనే వన్స్ మోర్ వచ్చిందని చెప్పుకుంటూనే ఆయన పోయాడు. నేను మళ్లీ డ్రమ్స్ ముట్టుకోలేదు.

ఆ సాయంత్రానిది ఒక్కటి మిగిలింది. ఆట అయ్యాక ఇద్దరం చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌కి నడుస్తున్నాం. ఆయన ముఖం మీద తెల్లరంగు ఇంకా సగం అలాగే ఉంది. జిరాక్స్ షాపుల ముందు నోట్స్ కోసం నిలబడ్డ కుర్రాళ్లు తిరిగి తిరిగి చూస్తున్నారు. నాకు ఆగలేదు. రోడ్డు మీదే ఏడ్చేశాను. "నేను కొట్టకుండా ఉండాల్సిందన్నా."

ఆయన ఆగాడు. చిట్లిన గొంతులో ఇంకా కొంచెం జీర మిగిలి ఉన్నట్టుంది. చాలా కష్టపడి, ఒక్కో మాటా బయటికి తోస్తూ అన్నాడు. "నువ్వు కొట్టకపోయినా... అరిచేటోన్నే తమ్మీ. నీ తప్పేం లేదు."

ఆ గొంతుతో ఆయన మాట్లాడిన చివరి మాట అది. ఆ మాట అబద్ధం. ఆ నాలుగేళ్లలో స్టేజీ మీద నా నాలుగు దెబ్బలు పడకుండా ఆయన ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. అది మా ఇద్దరికీ తెలుసు. మిగిలిన ఆ కాస్త గొంతునీ నా కోసం అబద్ధమాడటానికి వాడేశాడు.